నెట్‌కు తగిలిన చెయ్యి

వాలీబాల్‌లో నెట్‌కు ఒళ్లు తగిలితే ఫౌల్. ఈ రూలు అన్ని ఊళ్లలోనూ ఒకటే. మా అత్తగారి ఊళ్లో మాత్రం దానికి ఇంకో ముక్క తగిలించుకున్నారు. ఎవరికి తగిలిందో వాళ్లే చెయ్యెత్తాలి. అక్కడ అంపైరు లేడు, విజిల్ లేదు. బంతి ఇంకా గాల్లో ఉండగానే ఒక చెయ్యి లేస్తుంది, "నాది" అనే మాట వినిపిస్తుంది, పాయింటు అవతలికి పోతుంది. సర్వీసు చేస్తూ గీత తొక్కినా అంతే, బంతిని ఒకరే వరసగా రెండుసార్లు ముట్టుకున్నా అంతే.

మా రాష్ట్రం సరిహద్దు దాటి, భోపాల్‌పట్నానికి ఏడు కిలోమీటర్ల అవతల, ఇంద్రావతి ఒడ్డున ఉన్న ఆ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఇది చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. గోదావరి ఒడ్డున చర్లలో, స్కూలూ కాలేజీ కలిపి అయిదేళ్లు జట్టులో ఆడినదాన్ని. మా సార్లు నేర్పిన ఆటలో ఇలాంటి వెర్రితనం ఎక్కడా లేదు. ఇది ఆటా, పంచాయితీలో తప్పు ఒప్పుకోవడమా అని నా భర్త నాగరాజును ఆటపట్టించేదాన్ని. ఆయనా నాతో కలిసి నవ్వేవాడు. కానీ సాయంత్రం గ్రౌండులోకి దిగితే ఆయన చెయ్యీ లేచేది.

ఆ అలవాటు గ్రౌండులోనే ఆగిపోలేదు, ఇంట్లోకీ వచ్చింది. దాన్ని తెచ్చింది మా మామ రాఘవులు. చేపల వలలు అల్లే మనిషి, ఊరి వాలీబాల్ నెట్టు కూడా ఆయన అల్లిందే. కూరలో ఉప్పెక్కువైతే ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని "ఎవరిది?" అనేవాడు. ఆ గొంతులో కోపం ఉండేది కాదు, బయట వాన పడుతోందా అని అడిగినట్టు ఉండేది. నా ఆడబిడ్డ సారలమ్మ టక్కున చెయ్యెత్తేది. ఎత్తితే సంగతి అక్కడితో సరి, తిట్టూ ఉండదు, దెప్పూ ఉండదు. తప్పు తనదైనప్పుడు మామ కూడా ఎత్తేవాడు. భుజం పట్టేయడం వల్ల ఆయన చెయ్యి చెవి దాటి పైకి పోదు, అక్కడిదాకానే ఎత్తి దించేవాడు. కొన్నాళ్లకు నాకూ అబ్బింది. పాలు పొంగించినా, కుండ పగలగొట్టినా నా చెయ్యి దానంతటదే లేచేది.

అలాంటి ఇంట్లో ఆ అలవాటును చంపింది నేనే. ఒక్క వేసవి సరిపోయింది. ఇప్పుడు ఏ ఊళ్లో వాలీబాల్ కనబడ్డా మొహం తిప్పుకుని పోతాను. చూసినవాళ్లు ఆవిడకు ఆటంటే పడదనుకుంటారు.

*

ఇప్పపువ్వు రాలే రోజుల్లో మొదలైంది. తెల్లవారుతుండగా గంపలు పట్టుకుని చెట్ల కిందికి పోయేవాళ్లం, ఎండెక్కేసరికి వాకిట్లో చాపల మీద పువ్వు ఆరబోసేవాళ్లం. అలా ఆరబోస్తున్నప్పుడు కమలేష్ సర్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. మన మండలం లాంటి బ్లాకులో ఆటల పోటీలు పెట్టించేది ఆయనే. ఆయనకు తెలుగు రాదు, మాటంతా హిందీలోనే. మే నెలాఖరులో పంతొమ్మిదేళ్లలోపు ఆడపిల్లలకు వాలీబాల్ టోర్నమెంటు పెడుతున్నామని చెప్పాడు. అందులో ఆడినవాళ్లలోంచి ఒకే ఒక్క పిల్లను స్పోర్ట్స్ హాస్టల్‌కు పంపుతారట. తిండీ బట్టా అక్కడే. పదకొండు, పన్నెండు క్లాసుల చదువూ అక్కడే.

సారలమ్మ అప్పుడే పది పరీక్షలు రాసి ఉంది. మేడారం జాతర మొక్కుతో పుట్టిందని ఆ పేరు పెట్టారుగానీ, దానికి భక్తి కంటే బంతి మీదే ధ్యాస. మా ఊరి నుంచి పదకొండుకు పోవాలంటే రెండు వాగులు దాటాలి. అంతకుముందు పోయిన ఇద్దరు పిల్లలూ మొదటి వానకాలంలోనే మానేసి, తునికాకు కట్టలు కట్టుకుంటూ ఇంటి దగ్గరే ఉన్నారు. ఆ సాయంత్రం సారలమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వదినా, ఆ సీటు నాకు కావాలె."

"కష్టపడితే వస్తది పిల్లా."

"వస్తది అని కాదు, వచ్చేటట్టు చెయ్యి. నువ్వు పెద్ద పెద్ద ఆటలు ఆడినవ్ గద. ఇక్కడుంటే నేను ఇట్లనే చాప మీద పువ్వు ఏరుకుంట ముసలిదాన్నయిత."

దాని వేళ్లు నా మణికట్టు మీద అచ్చులు పడేలా ఉన్నాయి. సరే, చేస్తానన్నాను. అన్నంత సులువుగా అన్నాను.

మరునాటి నుంచి ఎనిమిదిమంది పిల్లల్ని పోగేసి సాయంత్రం నాలుగింటికల్లా గ్రౌండులో నిలబెట్టేదాన్ని. కాళ్లకు బూట్లు లేకపోతే లేకపోయాయి, రూళ్లు మాత్రం నూరిపోశాను. సర్వీసు వేసే కాలు గీతను తాకకూడదు. మూడు దెబ్బల్లో బంతి అవతలికి పోవాలి. నెట్ కింద పాదం మొత్తం అవతలి నేల మీద పడితే ఫౌల్. బంతి అరచేతిలో ఒక్క క్షణం ఆగినా పట్టుకున్నట్టే లెక్క. పాయింటు గెలిచి సర్వీసు మన చేతికొస్తే అందరూ గడియారం ముల్లు తిరిగినట్టు ఒక్కో చోటు జరగాలి. పిల్లలు చురుకైనవాళ్లు, వారంలో పట్టేశారు.

పట్టనిది ఒక్కటే. నెట్ తాకగానే సారలమ్మ చెయ్యి పైకి లేచేది.

"ఎందుకెత్తినవ్?" అన్నాను మొదటిసారి.

"తాకింది వదినా."

"నేను చూడలే. ఎవ్వరు చూడలే. టోర్నమెంట్ల ఇద్దరు అంపైర్లు ఉంటరు. చూసుడు వాళ్ల పని. ఆడుడు నీ పని."

"తాకింది నాకు తెల్వదా?"

"నీకు తెలిస్తే నీ దగ్గరే ఉంచుకో."

ఎత్తినప్పుడల్లా గ్రౌండు చుట్టూ అయిదు చుట్లు పరుగెత్తించాను. ఏప్రిల్ ఎండ, కాళ్ల కింద నేల పెనంలా కాలేది. పరుగెత్తి వచ్చి, మళ్లీ తగిలితే మళ్లీ ఎత్తేది. మొండితనంతో కాదు, పిల్లకు తెలియకుండానే లేచేది ఆ చెయ్యి. నాకు ఒళ్లు మండిపోయేది. చివరికి ఒక ఉపాయం చెప్పాను. ఆ రోజు దాన్ని తలుచుకుని నా తెలివికి నేనే మురిసిపోయాను.

"చెయ్యి లేవకుంట ఆగదు కదా. లేవనియ్యి. కాని పైకి పోనియ్యకు. జడ మీదికి తీసుకపో. జడ సర్దుకున్నట్టు చెయ్యి. ఎవ్వరికి అనుమానం రాదు."

నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు సాయంత్రం అవతలి బంతిని అడ్డుకోవడానికి బ్లాక్‌కు ఎగిరి దిగుతూ మోచెయ్యి నెట్‌కు రాసుకుంది. చెయ్యి లేచింది, మధ్యలో వంగింది, వెనక్కి పోయి జడ సర్దుకుంది. నేను చప్పట్లు కొట్టాను. సారలమ్మ నవ్వలేదుగానీ, ఆ తర్వాత మళ్లీ చుట్లు పరుగెత్తాల్సిన పని పడలేదు.

మామ రోజూ లాగే స్తంభం పక్కన బోర్లించిన గంప మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు. పిల్లలు వెళ్లాక నన్ను పిలిచాడు.

"కోడలా, పిల్లకు చెయ్యి నొప్పి చేసిందా ఏంది? ఎత్తుతలేదు."

"బయట ఎవ్వరు ఎత్తరు మామా. అంపైర్ చూస్తడు. ఆయన చూడకపోతే అది ఆయన తప్పు."

"తాకిన సంగతి అందరికన్న ముందు ఎవరికి తెలుస్తది?"

"తాకినోళ్లకే."

"మరి వాళ్లను ఇడిసిపెట్టి ఇంకొకర్ని అడుగుడు ఏంది?"

నాకు చిరాకు పుట్టింది. "అట్లయితే మీ పిల్లకు సీటు రాదు మామా, మీ ఇష్టం," అనేసి నడిచాను. మామ మళ్లీ ముడులు వేసుకున్నాడు.

*

టోర్నమెంటుకు పోయాక నా ఉపాయం చాలా చిన్నదనిపించింది. అక్కడ నడిచిన మోసాలు చూస్తే మాది పసిపిల్లల పని.

రెండు రోజుల పోటీ. షామియానా కింద చెవులు పగిలే పాటలు, మైకులో ముఖ్య అతిథి పేరు పాటకొకసారి. సెమీఫైనల్‌లో మాకు టౌను జట్టు తగిలింది. పంతొమ్మిదేళ్లలోపు అని రాసిచ్చిన ఆ జట్టు పిల్లల్లో ఒకామె సర్వీసు వేయబోతుంటే, గీత బయటి నుంచి ఒక బుడ్డోడు "మమ్మీ" అని ఏడుస్తూ కోర్టులోకి పరుగెత్తి ఆమె కాళ్లకు చుట్టుకున్నాడు. జనం పడీ పడీ నవ్వారు. అంపైరూ నవ్వాడు. నవ్వి, పిల్లాణ్ని బయటికి పంపించి, సర్వీసుకు విజిల్ వేశాడు. వయసు ధ్రువపత్రం ఉందట, దాని మీద ముద్ర ఉందట, కన్నబిడ్డ వచ్చి కాళ్లకు చుట్టుకున్నా ఆ ముద్ర చెరగదట.

అంతేనా? వెనక వరసలో ఉండాల్సిన పొడుగు మనిషి ప్రతిసారీ నెట్ దగ్గరే తేలేది. సర్వీసు వేసే కాలు గీత దాటి జానెడు లోపల పడేది. గీత దగ్గర జెండా పట్టుకున్న కుర్రాడు వాళ్ల టౌను వాడే, బయట పడ్డ బంతినీ లోపలే పడిందనేవాడు. నేను రూలు పుస్తకం పేజీ ఫోనులో తీసి అంపైరుకు చూపిస్తే, "మేడమ్, మజా లీజియే" అన్నాడు, ఆటను ఆనందించమని నాకే హితబోధ. వాడి పాన్ మరకల పళ్లు చూస్తూ ఉంటే నాకు రోత పుట్టింది. అయినా మా పిల్లలు గెలిచారు, సారలమ్మ ఒక్కతే పదకొండు పాయింట్లు తెచ్చింది. నేనేం తప్పు నేర్పాను, ఈ బురదలో దిగాక కాళ్లు కడుక్కుంటూ కూర్చుంటే ఎలా అనుకున్నాను. అనుకుని, ధైర్యంగా ఫైనల్‌కు పోయాను.

సెమీఫైనల్ చివర్లో నిర్వాహకుల నెట్టు చిరిగింది. బజారులో కొన్న నాసిరకం దారం. ఇంకోటి దొరక్కపోతే ట్రాక్టర్ పంపి మామ నెట్టు తెప్పించారు. నెట్టుతోపాటు మామా దిగాడు, దాన్ని ఆయన ఎవరి చేతికీ వదిలిపెట్టడు. తనే స్తంభాలకు కట్టి, బిగువు చూసి, అక్కడే ఒక ఇటుక మీద కూర్చున్నాడు.

ఫైనల్‌లో అవతల అడవి లోపలి ఊళ్ల పిల్లలు. దోర్లీ, గోండీ మాట్లాడుకునేవాళ్లు. అందులో ఏడో నంబరు పిల్ల పేరు జోగే. పదహారేళ్లు ఉంటాయేమో, పలచగా పొడుగ్గా ఉంటుంది, ఎగిరిందంటే నడుము నెట్ ఎత్తుకు వచ్చిందా అనిపించేది. ఆ పిల్ల కొట్టిన బంతి నేలను తాకిన చప్పుడు షామియానా పాటల్లోనూ వినబడింది. సారలమ్మ కంటే మంచి ఆటగత్తె. ఆ మాట అప్పుడే నాకు తెలుసు, ఇప్పుడు చెబుతున్నాను.

మొదటి సెట్ మాది, రెండోది వాళ్లది. మూడో సెట్ పదిహేను పాయింట్లకే. పదమూడు, పదమూడు దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి గారి బండి హారన్ కొట్టుకుంటూ గ్రౌండు గేటులోకి వచ్చింది. జనం తలలన్నీ అటు తిరిగాయి. స్తంభం పక్కన నిలబడి నెట్‌ను మాత్రమే చూడాల్సిన రెండో అంపైరు అటు తిరిగి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతున్నాడు.

జోగే కొట్టింది. సారలమ్మ బ్లాక్‌కు ఎగిరింది. బంతి దాని చేతులకు తగిలి వాళ్ల వైపే పడింది. దిగేటప్పుడు సారలమ్మ నడిమి వేలు నెట్ కంతలో ఇరుక్కుంది. ఒక్క గుంజు గుంజి లాక్కుంది. నెట్ ఊగింది. పైన కూర్చున్న అంపైరు కళ్లు బంతి మీద ఉన్నాయి. విజిల్ వేసి మాకు పాయింటు చూపించాడు. పద్నాలుగు, పదమూడు.

సారలమ్మ చెయ్యి లేచింది. ఛాతీ దాకా వచ్చింది, ఆగింది. అది నా వైపు చూసింది. ఇంకెవరి వైపూ కాదు, నా వైపే.

నేను తల అడ్డంగా ఊపాను. చాలా చిన్నగా, పక్కన కూర్చున్న పిల్లలకు కూడా తెలియనంత చిన్నగా.

చెయ్యి వెనక్కి పోయి జడ సర్దుకుంది.

తర్వాతి సర్వీసు మాది. వాళ్లు బంతి తీసుకున్నారు, లేపారు, జోగే మళ్లీ ఎగిరి కొట్టింది. మా వెనక మూలలో, గీతకు లోపల, ఎవరికీ అందకుండా పడింది. మంచి పాయింటు. పద్నాలుగు, పద్నాలుగు చూపించడానికి అంపైరు చెయ్యి చాపుతున్నాడు. అప్పుడు జోగే చెయ్యి పైకి లేచింది. తలకు పైన, నిటారుగా. రెండో చేత్తో తన మోచెయ్యి చూపించి, నెట్ చూపించింది.

అంపైరుకు అర్థం కాలేదు. రెండో అంపైరును చూశాడు, వాడు భుజాలు ఎగరేశాడు. వాళ్ల కోచ్ బయటి నుంచి "హాథ్ నీచే! నీచే కర్!" అని గొంతు చించుకుంటున్నాడు. జోగే చెయ్యి దించలేదు. ఆటలో అది మామూలు సంగతే అన్నట్టు నిలబడింది. అంపైరు చేసేదేమీ లేక నెట్ టచ్ అని చూపించి విజిల్ వేశాడు. పదిహేను, పదమూడు. మేం గెలిచాం.

జనం నవ్వారు. ముఖ్య అతిథి కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. వాళ్ల కోచ్ కోర్టులోకి వచ్చి ఆ లేచిన చేతిని పట్టుకుని కిందికి గుంజాడు. మా పిల్లలు ఎగురుతూ గంతులేస్తున్నారు, సారలమ్మ మాత్రం నెట్ దగ్గరే ఉండిపోయింది. నేను పరుగెత్తుకుపోయి వాటేసుకున్నాను. ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి ఉంది.

*

చేతిపంపు దగ్గరికి పోతే జోగే ఒక్కతే మొహం కడుక్కుంటోంది. ఏదో ఒకటి అనాలనిపించింది. దాని భాష నాకు రాదు, హిందీలో అడిగాను, ఎందుకెత్తావని.

"లగా థా, దీదీ," అంది. తగిలింది అక్కా అని. ఇంతకీ నేనేం అడుగుతున్నానో దానికి అర్థం కాలేదు. అడగడానికి ఇంకేదో ఉండి ఉంటుందని నా మొహం చూసి, నాకోసం పంపు కొట్టడం మొదలుపెట్టింది. ఆ నీళ్లు తాగాను. తాగి, మొహం తుడుచుకుని వచ్చేశాను.

షామియానా వెనక కమలేష్ సర్ కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"ఒకటే సీటు మేడమ్. నా కళ్లు ఇద్దరి మీదున్నాయి. మీ సారలమ్మ, ఆ ఏడో నంబరు. పొడుగు ఉంది, షాట్ ఉంది ఆ పిల్లకు. కాని చివర్లో ఆ పిచ్చిపని ఏంటి? మీరు ఆడినవాళ్లు, చెప్పండి. హాస్టల్లో నిలబడుతుందా?"

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. అంతకుముందు పాయింటులో మా పిల్ల చేసింది, తర్వాత ఆ పిల్ల చేసింది, రెండూ నా నోట్లోనే ఉన్నాయి. సీటు కావాలె వదినా అన్న మాటా చెవుల్లో ఉంది.

"ఆట ఉంది సర్," అన్నాను. "ఒత్తిడి పడితే తడబడుతుంది. మీరూ చూశారు కదా."

"అదే అనుకున్నా. గేమ్ సెన్స్ లేదు," అని ఆయన కాగితం మీద ఏడో నంబరుకు అడ్డంగా గీత గీశాడు.

ఆ పాన్ పళ్ల అంపైరును చూసి రోత పడ్డాను కదా. నా రోతంతా అప్పుడు నా మీదికే తిరిగింది. నోట్లో పాన్ లేదు గాని, ఉమ్మేయాలనిపించింది.

ఇంటికి ట్రాక్టర్ మీద వచ్చాం. పిల్లలు దారంతా పాటలు పాడారు. మామ నెట్టును ఒళ్లో పెట్టుకుని, ఒక చివర నుంచి కంత కంతా తడుముతూ వస్తున్నాడు. మధ్యలో ఒకచోట వేళ్లు ఆగాయి. ముడి జారి కంత సాగిపోయి ఉంది. ఆయన స్తంభం పక్కనే కూర్చున్నాడన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు అడుగుతాడు, ఎవరిది అంటాడు అనుకున్నాను. ఎదురుగా సారలమ్మ పాట ఆపేసి తల వంచుకుంది.

మామ అడగలేదు. పళ్లతో దారం కొరికి, ముడి మళ్లీ వేసి, నెట్టు మడతపెట్టాడు. ఆ వేసవి మిగిలిన రోజుల్లో కూరలో ఉప్పెక్కువైనా అడగలేదు, తక్కువైనా అడగలేదు. పెట్టింది తిని లేచేవాడు.

*

జూన్ నెలాఖరులో సారలమ్మ హాస్టల్‌కు వెళ్లాల్సిన రోజు వచ్చింది. కిరండూల్ ఇనుప గనిలో లారీ నడిపే నాగరాజు చెల్లెల్ని దిగబెట్టడానికి ఆ ఉదయమే ఇంటికి వచ్చాడు. ముందురోజు మధ్యాహ్నం సారలమ్మ సామాను సర్దడానికి రేకు పెట్టె కావాల్సి వచ్చి, వాకిటి చివర గుడిసె గదిలోంచి తెచ్చాను. ఆ గదిలోనే ఎండిన ఇప్పపువ్వంతా పోసి ఉంది, ఏడాదంతా వాడుకోవాల్సిన పువ్వు. పెట్టె రెండు చేతులా పట్టుకుని వచ్చానేమో, గది తడక మూయలేదు. సారలమ్మ అరుగు మీద కూర్చుని జడ వేసుకుంటూ నన్ను చూస్తూనే ఉంది. సాయంత్రం గాలీ వానా వచ్చాయి. తొలి వాన గనక తలుపులు వేసుకుని, ఎవరమూ అటు పోలేదు.

తెల్లవారి మామ తడక దగ్గర నిలబడి ఉన్నాడు. లోపల పువ్వు నల్లగా ముద్దయి, పుల్లటి వాసన కొడుతోంది. వేసవి పొడుగునా నడుములు వంచి ఏరిన పువ్వు. చాలాసేపు చూశాడు. తర్వాత మా వైపు తిరిగాడు. నెల రోజుల పైన ఆ ఇంట్లో వినబడని మాట అన్నాడు.

"ఎవరిది?"

కోపం లేదు. ఎప్పటి గొంతే. ఆ గొంతు వినగానే నా చెయ్యి కదిలింది. అది ఆ ఇంటి అలవాటు, పూర్తిగా చావలేదు. నడుము దాటింది, ఛాతీ దాకా వచ్చింది. అక్కడ ఆపి సారలమ్మ వైపు చూశాను. ఎందుకు చూశానో ఇప్పటికీ చెప్పలేను, చూశాను.

సారలమ్మ కొత్త బట్టల్లో, పెట్టె పక్కన నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. తల అడ్డంగా ఊపింది. చాలా చిన్నగా, పక్కనే ఉన్న అన్నకు కూడా తెలియనంత చిన్నగా. నన్ను కాపాడుతున్నానని అనుకుంది పిల్ల. నేను దానికి చేసిన ఉపకారమే నాకు చేసింది.

నా చెయ్యి వెనక్కి పోయి జడ సర్దుకుంది.

మామ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఎవరూ కదలకపోయేసరికి నొసలు ముడిచి నేల చూశాడు, తనలో తనే ఏదో వెతుక్కుంటున్నట్టు.

"అయితే నాదేనేమో," అన్నాడు. "మొన్న పగ్గం కోసం లోపలికి పోయిన. తడక వేసిన్ననే అనుకున్న. వయసు పైబడ్డది, యాదికుంటలేదు."

ఆయన పట్టేసిన భుజాన్ని కష్టం మీద లేపి, చెవి దాకా చెయ్యెత్తాడు. కొడుకు ఇవన్నీ తెలియక "పోనీ లే నాయినా, ఏంగాదు" అంటున్నాడు. సారలమ్మ పెట్టె ఎత్తుకుంది, బస్సుకు టైమవుతోందంది. నేను "దించు మామా, నాది" అనాలి. నోరు తెరిచాను కూడా.

మామ చెయ్యి అలాగే ఉంది. నా చెయ్యి జడ మీదే ఉంది.